సుబ్బారావుగారి నీలిరంగు వ్యాసము

ఒక శాస్త్రజ్ఞుని వ్యాసమును ఇతరులు తమ వ్యాసములలో ఎన్నిమార్లు పేర్కొనిరో లెక్కించు సూచిక 1964లో అమెరికాలో వెలువడినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించిన వ్యాసము ఈ లెక్కలో వేలమార్లు కనుపించును.

రక్తమువంటి పదార్థములలో భాస్వరమెంతయో తెలిసికొనుటయే దాని విషయము. ఫాస్ఫేటుకు ఆమ్లమును, అమ్మోనియం మాలిబ్డేటును చేర్చి క్షయకరణము గావించినచో నీలిరంగు పుట్టును. రంగెంత చిక్కనో భాస్వరమంత ఎక్కువ. పని సులువు; కనుకనే ఎన్నో ప్రయోగశాలలు చేపట్టినవి, వాడినవారు పేర్కొనిరి.

ఈ పద్ధతి చేతనుండుటచేతనే వారిరువురు కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను (1927), ఏ.టి.పి.ని (1929) గుర్తింపగలిగిరి. జీవశక్తి గుట్టు విప్పిన ఈ పనికి ప్రస్తావనలు అంతకంటె తక్కువే!

హార్వర్డులో స్థిరమైన కొలువు దొరకక సుబ్బారావుగారు 1940లో లెడర్లీ సంస్థకు వెడలిరి. లెక్కలు మొదలగునాటికి ఆయన లేరు, 1948లోనే మరణించిరి.