మెడ నిలపని పసిపాప

చోడవరంలాంటి ఊళ్ళో ఒక ఇంట్లో నాలుగు నెలల పాప ఉందనుకోండి. పిలిస్తే చూస్తుంది, నవ్వుతుంది. కాని మెడ నిలపదు, కాళ్ళు ఆడించదు. ఎత్తుకుంటే గుడ్డబొమ్మలా జారిపోతుంది. "బద్ధకపు పిల్ల, నెమ్మదిగా నిలుపుతుందిలే" అంటారు పెద్దవాళ్ళు. నూనె మర్దనలు, తాయెత్తులు మొదలవుతాయి. మీరు మాత్రం అక్కడితో ఆగిపోకండి.

ఇది స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ కావచ్చు. 1891లో వెర్డ్‌నిగ్, 1893లో హాఫ్‌మన్ అనే వైద్యులు ఈ జబ్బును వర్ణించారు. కండరాలను ఆడించే నరకణాలు వెన్నుపాములో ఉంటాయి. అవి బతకడానికి ఒక ప్రోటీన్ కావాలి. దాన్ని తయారుచేయించే జన్యువు లోపిస్తే ఆ కణాలు చచ్చిపోతాయి, కండరాలు చిక్కిపోతాయి. ఆ జన్యువు 1995లో బయటపడింది.

మరి మెదడు మాటేమిటి? మెదడు అడుగుభాగంలో, నాలుకనూ మింగడాన్నీ నడిపించే కణాలు కూడా నశిస్తాయి. జబ్బు బాగా తీవ్రమైన శిశువులలో థాలమస్ అనే భాగంలోనూ ఈ నష్టం కనిపించింది. అయినా తెలివితేటలు సాధారణంగా చెడవు. పాప మిమ్మల్ని గుర్తుపడుతుంది. మందబుద్ధి అని ఎవరన్నా నమ్మకండి.

పాలు తాగుతూ అలిసిపోవడం, ఏడుపు సన్నగిల్లడం, నాలుక సన్నగా అదరడం, ఊపిరి తీస్తే పొట్ట పొంగి రొమ్ము లోపలికి పోవడం ప్రమాద సూచనలు. వెంటనే విశాఖపట్నంలో పిల్లల వైద్యునికి చూపించండి. రక్తంతో చేసే జన్యుపరీక్ష జబ్బును తేలుస్తుంది.

2016 నుంచి దీనికి మందులు వచ్చాయి. చచ్చిన కణాన్ని ఏ మందూ లేపలేదు, మిగిలినవాటిని కాపాడగలదు. అందుకే ఒక్క వారం ఆలస్యమైనా నష్టమే. మందుల ఖరీదు మాత్రం సామాన్యులు భరించలేనిది. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానం కింద, గుర్తించిన ఆస్పత్రుల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయం పొందే వీలుంది. హైదరాబాదులోని నిమ్స్ వాటిలో ఒకటి. మందు అందినా అందకపోయినా ఊపిరికీ, ఆహారానికీ సంబంధించిన జాగ్రత్తలు తప్పనిసరి.

చివరిగా ఒక మాట. తప్పు తల్లిది కాదు. సాధారణంగా లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది, వాళ్ళు మాత్రం ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి దంపతులకు ప్రతి కానుపులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాల్లో ఈ భయం ఎక్కువ. బయటి సంబంధాల్లోనూ లేకపోలేదు. ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బు వచ్చి ఉంటే, మళ్ళీ గర్భం రాకముందే దంపతులిద్దరూ జన్యువైద్యుల సలహా తీసుకోండి. కోడలిని నిందించడం మానేసి, ఆ ప్రయాణానికి బస్సు ఎక్కించండి.