గిటార్ నేర్చుకుంటున్నారా? ఎంత వచ్చిందో ఇలా లెక్క చూసుకోండి

పరీక్షలు అయిపోగానే పిల్లలు గిటార్ అడుగుతారు. అబ్బా కొనిస్తారు. మొదటి నెల రోజూ బయటికి తీస్తారు. రెండో నెలలో వేళ్లు నొప్పి అంటారు. మూడో నెలకు అది అల్మారా పైకి చేరుతుంది. "ఇన్ని డబ్బులు పెట్టాం, ఏం వచ్చింది?" అని ఇంట్లో అడిగితే పిల్లల దగ్గర జవాబు ఉండదు. "నా వల్ల కాదులే" అని వదిలేస్తారు.

చాలాసార్లు వాళ్లకు కొంత వచ్చే ఉంటుంది. కానీ ఎంత వచ్చిందో చూపించడానికి చేతిలో లెక్క ఉండదు. చిన్న దుకాణం నడిపేవాళ్లు కూడా రాత్రి ఖాతా రాసుకుంటారు కదా. రియాజ్‌కు కూడా అలాంటి ఖాతా ఒకటి కావాలి. తనకంటూ ఒక స్టైల్ ఉందో లేదో తేలేది కూడా ఆ ఖాతాలోనే.

ముందు గిటార్‌ను చూడండి

పిల్లల్ని తప్పుపట్టే ముందు వాయిద్యాన్ని పరీక్షించాలి. తీగలు మెడకు మరీ ఎత్తులో ఉంటే వాటిని నొక్కడానికి పెద్దవాళ్లకే కష్టం. దీన్ని గిటార్ షాపువాళ్లు "యాక్షన్ ఎక్కువుంది" అంటారు. షాపులో చూపిస్తే సరిచేస్తారు. తుప్పు పట్టిన తీగలు మార్చాలి. వాయించే ముందు ప్రతిసారీ ట్యూనింగ్ చూసుకోవాలి. శృతి తప్పిన గిటార్ మీద సరిగ్గా వాయించినా తప్పుగానే వినిపిస్తుంది. ఇక వేళ్ల నొప్పి మొదట్లో అందరికీ ఉంటుంది. కొన్ని వారాల్లో వేళ్ల చివర్లు గట్టిపడి తగ్గిపోతుంది.

ఎన్ని పాటలు వచ్చు అన్నది సరైన లెక్క కాదు

పది పాటలు సగం సగం వచ్చినవాళ్ల కంటే రెండు పాటలు మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించేవాళ్లే ముందున్నట్టు. కాబట్టి పాటల సంఖ్య పక్కన పెట్టి ఈ నాలుగు కొలతలు రాసుకోండి.

ఒకటి, నిమిషం లెక్క. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి రెండు కార్డ్‌ల మధ్య, ఉదాహరణకు జి నుంచి సికి, ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగా పాఠాలు చెప్పే జస్టిన్ శాండర్‌కో ఈ పద్ధతిని చాలామందికి అలవాటు చేశారు. లక్ష్యం నిమిషానికి 60 మార్పులు. మొదటి రోజు 12 వస్తే 12 అనే రాయండి. రెండు వారాల తర్వాత అది 25 అయితే ఎవరూ కాదనలేని ప్రోగ్రెస్ అది.

రెండు, మెట్రోనోమ్. ఇది సమానమైన గ్యాప్‌తో టక్ టక్ మని కొడుతుంది. ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. 60 మీద పెడితే సెకనుకు ఒక దెబ్బ. ఆ వేగంలో మూడుసార్లు తప్పు లేకుండా వాయిస్తే 65కి వెళ్లాలి. తడబడితే మళ్లీ 60కి రావాలి. ఏ వేగం దగ్గర ఆగారో తేదీతో రాసి పెట్టుకోవాలి.

మూడు, ఎన్ని తీగలు మోగాయి అన్నది. చాలామంది ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోతారు. అందులో చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడాలి. దీనికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. "రావట్లేదు" అని ఊరుకోకుండా ఒక్కో తీగ మీటి చూడండి. పోయిన వారం ఆరింటిలో 2 మోగి, ఈ వారం 4 మోగితే ఎఫ్ వస్తున్నట్టే.

నాలుగు, రికార్డింగ్. ప్రతి నెల ఒకటో తారీఖున అదే పాటను అదే ఫోన్‌లో రికార్డ్ చేయండి. బాగా రాలేదని డిలీట్ చేయొద్దు. వాయించేటప్పుడు ధ్యాసంతా వేళ్ల మీదే ఉంటుంది. తాళం ఎక్కడ పరుగెత్తిందో, ఎక్కడ ఆగిందో తర్వాత వింటేనే తెలుస్తుంది. మూడు నెలల రికార్డింగ్‌లు వరుసగా వింటే మీ ఎదుగుదల మీకే వినిపిస్తుంది.

సమయం లెక్క కూడా ముఖ్యమే. రోజుకు 20 నిమిషాల చొప్పున ఆరు రోజులైతే 2 గంటలు. ఆదివారం ఒక్కసారే కూర్చున్నా 2 గంటలే. మొత్తం ఒకటే అయినా ఫలితం ఒకటిగా ఉండదు. వేళ్లకు అలవాటు పడేది రోజూ చేసే పని వల్లే.

పరీక్షలు రాయాలా?

కాగితం మీద కొలత కావాలనుకునేవాళ్లకు గ్రేడ్ పరీక్షలున్నాయి. లండన్‌కు చెందిన ట్రినిటీ కాలేజ్ పరీక్షలు మన దేశంలోనూ రాయొచ్చు. ఇనీషియల్ నుంచి గ్రేడ్ 8 వరకు ఉంటాయి. 100 మార్కులకు 60 వస్తే పాస్, 75కి మెరిట్, 87కి డిస్టింక్షన్. తేదీ ముందుంటే క్రమశిక్షణ వస్తుంది. అయితే ఫీజు కట్టాలి. పరీక్షకు ఇచ్చిన మూడు పాటలే ఏడాదంతా రుద్దితే నేర్చుకున్నది తక్కువే అవుతుంది. కాబట్టి ఇది తప్పనిసరి అనుకోవాల్సిన పని లేదు.

మరి "నా స్టైల్" ఎప్పుడు?

ఖుష్‌నవీసీ నేర్చుకునే షాగిర్ద్ ముందు ఉస్తాద్ రాసిన అలిఫ్, బే చూసి అచ్చం అలాగే దిద్దుతాడు. చాలాకాలం దిద్దాక అతని చేతికి ఒక తీరు వస్తుంది. గిటార్‌లోనూ అంతే. ముందు నకలు, తర్వాతే స్టైల్. కాకపోతే ఒక్కరినే నకలు చేస్తే వాళ్ల నీడగా మిగిలిపోతారు. ముగ్గురు నలుగురిని వినాలి.

పేరున్న వాళ్ల స్టైల్ చాలాసార్లు వాళ్ల ఇబ్బందుల్లోంచే పుట్టింది. జాజ్ గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్ ఉంటున్న బండికి 1928లో నిప్పంటుకుంది. ఎడమ చేతిలో రెండు వేళ్లు దాదాపు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే సోలోలు వాయించే పద్ధతి తయారుచేసుకున్నారు. అమెరికాకు చెందిన వెస్ మోంట్‌గోమరీ పగలు ఉద్యోగం చేసి రాత్రి సాధన చేసేవారు. చుట్టుపక్కల వాళ్లకు నిద్ర పాడవకూడదని ప్లెక్ట్రమ్ వదిలేసి బొటనవేలితో మెల్లగా మీటేవారని చెబుతారు. ఆ మెత్తటి సౌండే ఆయన గుర్తింపు అయింది.

మన దగ్గరా ఉన్నారు. ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్‌ను పడుకోబెట్టి, తీగల మీద కడ్డీ జరుపుతూ రాగాలు వాయించారు. 1967లో వచ్చిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ" ఆల్బమ్‌లో ఆయన గిటార్ వినొచ్చు. గజల్ అభిమానులకు భూపిందర్ సింగ్ గొంతు తెలుసు. 1971 నాటి "దమ్ మారో దమ్" పాటలో గిటార్ ఆయనదే. గజల్‌లోకీ ఆయన గిటార్‌ను తెచ్చారు. ఇద్దరూ తమకు ఇష్టమైన సంగీతాన్ని వదలకుండా గిటార్‌నే దాని దగ్గరికి తీసుకొచ్చారు.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. ఒకే పాటను మూడు రకాలుగా వాయించండి: కార్డ్‌లు స్ట్రమ్ చేస్తూ, ఒక్కో తీగ వేళ్లతో మీటుతూ, ఒకే తీగ మీద రాగం మాత్రమే. ఎవరూ చెప్పకుండానే మీ చేయి మళ్లీ మళ్లీ దేని దగ్గరికి వెళ్తుందో నోట్‌బుక్ చివరి పేజీలో రాయండి. మీ స్టైల్ అటువైపే ఉంది.

ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. తాళం తప్పినప్పుడు "ఇది నా స్టైల్" అని తప్పించుకోవడం తేలిక. అది స్టైలా తప్పా అని తేల్చడానికి అదే ముక్కను మళ్లీ అలాగే వాయించమని అడిగితే చాలు. కావాలనుకున్నప్పుడు రెండోసారీ అలాగే వస్తే స్టైల్. మామూలుగా వాయించమంటే మామూలుగానూ రావాలి. రెండూ రాకపోతే తప్పే. మళ్లీ మెట్రోనోమ్ 60 దగ్గర మొదలుపెట్టాలి.

అమ్మీ, అబ్బాలకు

పక్కింటి అబ్బాయితోనో, ఫోన్‌లో రీల్స్ చేసే పిల్లలతోనో పోల్చకండి. ఆ 30 సెకన్ల వీడియో ఎన్నిసార్లు తీస్తే వచ్చిందో మనకు కనిపించదు. పోల్చాలంటే మీ అమ్మాయి ఈ నెల రికార్డింగ్‌ను తన పోయిన నెల రికార్డింగ్‌తోనే పోల్చండి. "ఏం వచ్చింది?" అని అడిగే బదులు "పోయిన నెలది, ఈ నెలది రెండూ వినిపించు బేటా" అనండి. ఆరు నెలల ఖాతా చూశాక కూడా అంకెలు కదలకపోతే టీచర్‌నో పద్ధతినో మార్చాలి. అంకెలు కొంచెమైనా పెరుగుతుంటే గిటార్‌ను అల్మారా పైకి ఎక్కించకండి. ఎదురుగా, చేతికందే చోట పెట్టండి.