సాక్ష్యమును ఎక్కడ వ్రాసి ఉంచుదము?

కరువు కాలములో దేవుడు మన తాతలను ఎట్లు పోషించెనో, మన పల్లెకు సువార్త ఎట్లు వచ్చెనో పెద్దలు నోటుపుస్తకములలో వ్రాసి దాచుట మనకు తెలిసినదే. వాటిని ఇంటర్నెట్‌లో ఉంచవలెనని నేటి యౌవనస్థులు ఆశించుచున్నారు. మంచిదే. అయితే ఎక్కడ ఉంచవలెను?

యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను కాల్చినప్పుడు, యిర్మీయా మరల చెప్పగా బారూకు మరల వ్రాసెను (యిర్మీయా 36). 1812లో సేరంపూరు ముద్రణాలయము కాలిపోయినప్పుడు కేరీగారు, ఆయన తోటివారు పనిని మరల మొదలుపెట్టిరి. కాని మన అవ్వ, తాత ప్రభువునందు నిద్రించిన పిమ్మట వారి సాక్ష్యము పోయినయెడల, మరల చెప్పువారెవరు?

ఇంటర్నెట్ కూడ శాశ్వతము కాదు. జియోసిటీస్‌ను యాహూ సంస్థ 2009లో జపానులో తప్ప మూసివేసినది. గూగుల్ ప్లస్ 2019లో మూతపడినది. ఫేస్‌బుక్‌లో వ్రాసినది నాలుగు దినములలో అడుగున పడిపోవును. పాతది వెదకుట కష్టము.

1999లో మొదలై 2003లో గూగుల్ చేతికి వచ్చిన బ్లాగర్ ఉచితము. అయితే రెండేండ్లు వాడని ఖాతాలను గూగుల్ తీసివేయవచ్చును. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లోను ఉచితముగా వ్రాయవచ్చును గాని, మన వ్రాతల నడుమ ప్రకటనలు కనబడును. సొంత పేరుతో, అద్దె స్థలములో పెట్టుకొనినచో స్వేచ్ఛ ఎక్కువే. కాని యేటేటా రుసుము కట్టవలెను. కట్టుట మానినయెడల అది కనబడకుండ పోవును.

నంద్యాల నుండి కర్నూలుకు పోవువారు డోన్‌లో రైలు మారునప్పుడు తమ పెట్టె తామే దింపుకొందురు గదా! ఆలాగే, వ్రాసినదంతయు ఒకేసారి దింపుకొనగల చోటునే ఎన్నుకొనవలెను. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండింటిలోను ఆ వీలున్నది. డి.టి.పి. సెంటర్లలోని పాత అను ఫాంటులతో కొట్టినది అందరి ఫోనులలో సరిగా కనబడదు. యూనికోడ్ తెలుగులోనే వ్రాయవలెను.

గ్రామ కుటుంబమునకు ఉచితమైనదే చాలునని మా అభిప్రాయము. రుసుమునకు పెట్టు డబ్బు పిల్లల చదువుకు ఉంచుడి. నెలకొకసారి వ్రాతలను దింపి భద్రపరచుడి. పాస్‌వర్డు ఇంటిలో మరియొకరికి తెలిసియుండవలెను. ఇతరుల కష్టములను వారి అనుమతి లేక వ్రాయకుడి. ఒక ప్రతిని కాగితముపై అచ్చు వేయించి కుటుంబ బైబిలుతో ఉంచుడి. ఫోను లేని అవ్వకు కుటుంబ ప్రార్థనలో చదివి వినిపించుడి. రాబోవు తరము దేవుని కార్యములను మరువకుండునట్లు ప్రభువు మీకు సహాయము చేయునుగాక!