కొత్త కొలువు - నికాహ్ ఖర్చు

ఉద్యోగం దొరికిన యువకుని ఇంట రెండవ నెల జీతం చేతికి రాకముందే పెండ్లి ప్రస్తావన మొదలవుతుంది. ఇది సహజమే. సంపాదన మొదలైంది గనుక సంసారం కూడా మొదలు కావాలని తల్లిదండ్రులు కోరుకుంటారు. కాని ఆ ప్రస్తావన వెనుకనే ఇంకొక లెక్క బయలుదేరుతుంది. షాదీఖానా అద్దె ఎంత, దావత్‌కు ఎందరు, ఎవరెవరికి బట్టలు పెట్టాలి అని లెక్క వేసేసరికి కొత్త జీతం అందుకు ఏ మూలకూ చాలదని తేలుతుంది. అప్పుడు మూడే దారులు కనిపిస్తాయి: అప్పు చేయడం, ఖర్చును ఆడపిల్ల తండ్రిపై మోపడం, లేదా పెండ్లిని ఏండ్ల తరబడి వాయిదా వేయడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ షరీఅత్ కోరినది కాదు. నికాహ్‌కు షరీఅత్ విధించిన ఖర్చు ఏది, ఆచారం వచ్చి చేర్చిన ఖర్చు ఏది అన్న సంగతి విడదీసి చూస్తే నాల్గవ దారి కనిపిస్తుంది.

నికాహ్‌కు కావలసినవి

దక్కను ముస్లిములలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖహ్ ప్రకారం నికాహ్ నెరవేరడానికి కావలసినవి చాలా కొద్ది. ఒకే సమావేశంలో ఒక పక్షం ప్రతిపాదన, రెండవ పక్షం అంగీకారం జరగాలి. వాటినే ఈజాబ్, ఖబూల్ అంటారు. వధువు సమ్మతి ఉండాలి. ఇద్దరు పురుషులు గాని, ఒక పురుషుడు ఇద్దరు స్త్రీలు గాని సాక్షులుగా ఉండాలి. భర్త భార్యకు మహర్ ఇవ్వాలి. నికాహ్ సమయంలో మహర్ మాట ఎత్తకపోయినా అది రద్దు కాదు. వధువు కుటుంబంలోని ఆమె తోటి స్త్రీలకు నిర్ణయమైన మహర్‌ను బట్టి ఆమెకూ చెల్లించవలసి వస్తుంది. దీనిని మహర్-ఎ-మిస్ల్ అంటారు. ఇక ఖుత్బా, వలీమా సున్నత్‌లు. ఖాజీ వద్ద నికాహ్‌నామా రాయించడం భవిష్యత్తులో హక్కులు నిరూపించుకోవడానికి అవసరం.

ఈ జాబితాలో ధనంతో నిమిత్తమున్నవి రెండే: మహర్, వలీమా. ఈ రెండూ వరుని బాధ్యతలే. వధువు తండ్రి ఇంత ఖర్చు చేయాలన్న నిబంధన ఇందులో ఎక్కడా లేదు.

మదీనాలో ఒక పెండ్లి

కొత్తగా జీవనోపాధి మొదలుపెట్టినవాని పెండ్లి ఎలా ఉండవచ్చునో తెలుసుకోవడానికి హదీసు గ్రంథాలలో ఒక స్పష్టమైన ఉదాహరణ ఉన్నది. క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనాకు వలస వచ్చిన ముహాజిర్లలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఒకరు. ఆయన వట్టి చేతులతో వచ్చారు. దైవప్రవక్త (స) ఆయనకు, మదీనా వాసి హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కి మధ్య సోదర సంబంధం కలిపారు. సంపన్నుడైన సఅద్ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. అబ్దుర్రహ్మాన్ (రజి) దానిని తీసుకోలేదు. అతని కోసం దుఆ చేసి, బజారుకు దారి చూపితే చాలునన్నారు. బనూ ఖైనుఖా బజారులో నెయ్యి, ఎండు జున్ను అమ్మడం మొదలుపెట్టారు. కొంతకాలానికి ఆయన బట్టలపై పసుపురంగు సుగంధపు జాడ చూసి దైవప్రవక్త (స) సంగతేమిటని విచారించారు. ఒక అన్సారీ స్త్రీతో తన వివాహం జరిగిందని ఆయన విన్నవించారు. మహర్ ఎంత ఇచ్చావని అడిగితే ఖర్జూరపు గింజ ఎత్తు బంగారమని చెప్పారు. ఒక్క మేకతోనైనా సరే, వలీమా చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు.

ఈ సంఘటనలో గమనించవలసిన విషయాలు మూడున్నాయి. మొదటిది, ఇతరుల ధనంతో పెండ్లి చేసుకొనే అవకాశం ఎదురుగా ఉన్నా ఆయన స్వార్జితంతోనే చేసుకున్నారు. రెండవది, ఆ చిన్న పట్టణంలో, తమకు ప్రాణసమానుడైన దైవప్రవక్త (స)కు సైతం పెండ్లి కబురు తరువాతనే తెలిసింది. పిలుపు అందలేదన్న నిష్ఠూరం అక్కడ వినిపించలేదు. మూడవది, దైవప్రవక్త (స) మొదట అడిగినది మహర్‌ను గురించి. అతిథుల సంఖ్యను గురించి గాని, వంటకాలను గురించి గాని అడగలేదు.

మహర్ ఒక రుణం

మహర్‌ను సంతోషంగా చెల్లించమని దివ్య ఖుర్‌ఆన్ (4:4) పురుషులను ఆదేశించింది. స్త్రీ తనంతట తాను ఇష్టపడి అందులో కొంత విడిచిపెడితే మాత్రమే భర్త దానిని వాడుకోవచ్చును. కాని వాడుకలో ఏమి జరుగుతున్నది? నికాహ్‌నామాలో ఘనమైన అంకె రాయించడం, అది ఎన్నడూ చెల్లించకపోవడం, చివరకు భర్త జనాజా ముందు నిలబెట్టి మాఫ్ చేయమని భార్యను అడగడం పలు కుటుంబాలలో ఉన్నదే. అటువంటి మాటను ఇష్టపూర్వకమైన దానంగా భావించడం కష్టం. చెల్లించని మహర్ రుణమే గనుక, భర్త మరణిస్తే వారసులకు ఆస్తి పంచకముందే అందులోనుండి దానిని తీర్చవలసి ఉంటుంది.

హనఫీ ఫిఖహ్‌లో మహర్ కనీస పరిమాణం 10 దిర్హములు. హిందుస్తానీ ఉలమా లెక్క ప్రకారం ఇది 30.618 గ్రాముల వెండి. మహర్-ఎ-ఫాతిమీగా ప్రసిద్ధమైనది 500 దిర్హములు, అనగా 1,530.9 గ్రాముల వెండి. వరుని శక్తిని బట్టి, వధువు అంగీకారాన్ని బట్టి ఎంతైనా నిర్ణయించుకోవచ్చును. కనీసం ఇంత అని ఉన్నది గనుక అంతే ఇస్తామనడం ఔదార్యం కాదు. ఇవ్వలేనంత రాయించడం నిజాయితీ కాదు.

కొత్త ఉద్యోగికి ఇక్కడ షరీఅత్ ఒక సౌలభ్యం కల్పించింది. మహర్‌ను రెండు భాగాలు చేయవచ్చును. ముఅజ్జల్ అనగా వెంటనే చెల్లించేది. మువజ్జల్ అనగా గడువుపై చెల్లించేది. చేతిలో ఉన్నంత నికాహ్ నాడే ఇచ్చి, మిగిలినది రెండేండ్లలోనో మూడేండ్లలోనో వాయిదాలుగా ఇస్తానని గడువుతో సహా రాయించవచ్చును. గడువు గల రుణాన్ని రాసిపెట్టుకొమ్మని ఖుర్‌ఆన్ (2:282) చెప్పిన నియమం ఇక్కడ కూడా ఆదర్శమే. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. రూపాయలలో రాసిన అంకె విలువ ఏండ్లు గడిచేకొద్దీ తరిగిపోతుంది. వెండిలోనో బంగారంలోనో తూకం రాయిస్తే స్త్రీ హక్కుకు ఆ నష్టం ఉండదు.

వలీమా పరిమాణం

దైవప్రవక్త (స) వలీమాలలో హజ్రత్ జైనబ్ (రజి) వివాహపు వలీమా పెద్దదని హదీసులలో ఉన్నది. దానికి కోసినది ఒక గొర్రె. ఖైబర్ నుండి తిరిగి వస్తూ, హిజ్రీ 7వ సంవత్సరంలో హజ్రత్ సఫియ్యా (రజి)ను వివాహమాడినప్పుడు వలీమాలో మాంసమూ లేదు, రొట్టె కూడా లేదు. తోలు పరిచి, ఎవరివద్ద ఉన్నది వారు తెచ్చిన ఖర్జూరాలు, ఎండు జున్ను, నెయ్యి కలిపి వడ్డించారు. ధనికులను పిలిచి పేదలను విడిచిపెట్టే వలీమాను హదీసు నిందించింది. కాబట్టి వలీమా గొప్పతనం వంటకాల సంఖ్యలో లేదు. ఎవరిని పిలిచారన్న దానిలో ఉన్నది.

ఆచారాల జాబితా

హైదరాబాదు, పరిసర జిల్లాల పెండ్లిండ్లలో మంజె, సాంచఖ్, మెహందీ, చౌథీ, ఆ తరువాత శుక్రవారాలలో జుమాగీ దావత్‌లు ఉన్నవి. ఇవి ఈ ప్రాంతపు సంస్కృతిలో భాగమైన వేడుకలు. వీటిలో బంధువుల కలయిక, ఆడపిల్లల పాటలు, సంతోషం ఉన్న మాట నిజం. స్తోమత ఉన్నవారు హద్దులలో జరుపుకొంటే అది వేరు సంగతి. కాని ఇవి లేకపోతే నికాహ్‌కు లోపం వస్తుందనుకోవడం పొరపాటు. ఖర్చు చేయడంలో దుబారా, పిసినారితనం రెండూ విడిచి మధ్యేమార్గం పట్టమని ఖుర్‌ఆన్ (25:67) బోధిస్తున్నది.

జోడే కీ రఖం సంగతి వేరు. అది వేడుక కాదు. వరకట్నానికి మరొక పేరు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నం ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ నేరంగా పరిగణించింది. ముస్లిం పర్సనల్ లా వర్తించేవారి మహర్‌ను మాత్రం కట్నం నిర్వచనం నుండి మినహాయించింది. చట్టం కూడా ఈ రెంటి మధ్య గీత గీసిందన్న మాట. తన పెండ్లి తక్కువ ఖర్చుతో జరిగిందని చెప్పుకొనే వరుడు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఖర్చు నిజంగా తగ్గిందా, లేక వధువు తండ్రి ఖాతాలోకి మారిందా? తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో షాదీ ముబారక్ పథకం ప్రారంభించి, 2018లో ఆ మొత్తాన్ని 1,00,116 రూపాయలకు పెంచింది. ఆడపిల్ల పెండ్లి పేద కుటుంబానికి ఎంతటి భారంగా పరిణమించిందో దీనిని బట్టి ఊహించవచ్చును. ఆ సహాయం కూడా వరుని పక్షపు కోరికలకే ఖర్చయితే అది చేరవలసిన చోటికి చేరనట్లే.

జీతంతో లెక్క

ఉదాహరణకు నెలకు 25,000 రూపాయలు చేతికందే యువకుని తీసుకొందాం. అతడు పెండ్లి కోసం 3,00,000 రూపాయలు ఏటా 14 శాతం వడ్డీతో, మూడేండ్ల వాయిదాలపై అప్పు తీసుకొంటే నెలకు సుమారు 10,250 రూపాయలు కట్టాలి. మొత్తం చెల్లింపు 3,69,000 రూపాయలు దాటుతుంది. వడ్డీ నిషిద్ధమన్న విషయం అటుంచినా, దావత్ తిన్నవారు మరచిపోయిన మూడేండ్ల వరకు కొత్త దంపతులు జీతంలో ఐదింట రెండు వంతులు అప్పుకే ఇవ్వవలసి వస్తుంది.

అదే యువకుడు పెండ్లికి ముందు ఏడాదిపాటు నెలకు 8,000 చొప్పున దాచితే 96,000 రూపాయలు అవుతుంది. అందులో ముందుగా మహర్ ముఅజ్జల్‌కు 40,000 తీసి పక్కన పెట్టాలి. నూరుమందికి ఒక బిర్యానీ, ఒక తీపితో మనిషికి 300 చొప్పున వలీమాకు 30,000. దంపతుల బట్టలకు 12,000. ఖాజీ రుసుము, ఖర్జూరాలు మొదలైనవాటికి 5,000. మిగిలిన 9,000 వంటసామానుకు సరిపెట్టుకోవచ్చును. ధరలు ఊరిని బట్టి మారుతాయి. కాని వరుస మారకూడదు. తోటి ఉద్యోగులు కలిసి వేలంపాట లేకుండా చీటీ తీసి, ప్రతి ఒక్కరికీ పూర్తి మొత్తం అందేటట్లు నడుపుకొనే చిట్టీ కూడా పొదుపుకు ఉపయోగపడుతుంది. తప్పనిసరైతే బంధువుల వద్ద వడ్డీలేని ఖర్జ్-ఎ-హసనా తీసుకొని, తిరిగి ఇచ్చే తేదీ రాసి ఇవ్వవచ్చును.

కొత్త ఉద్యోగంలో డబ్బుతో పాటు సెలవులు కూడా కొద్దిగానే ఉంటాయి. ఉద్యోగం ఖాయమయ్యే వరకు ఎక్కువ రోజులు సెలవు అడగడం మంచిది కాదు. పెండ్లి తంతు ఐదారు రోజులకు పాకకుండా, శుక్రవారం నికాహ్, మరునాడు వలీమా అనుకొంటే ఈ చిక్కు తీరుతుంది. ఇస్లాంలో అశుభ మాసమనేది లేదు. షవ్వాల్ మాసంలో పెండ్లి మంచిది కాదని అరబ్బులు తలచే కాలంలో తన వివాహం ఆ మాసంలోనే జరిగిందని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పేవారు. సఫర్, ముహర్రం అని భయపడే కుటుంబాలు ఈ విషయం గుర్తించాలి. ముహూర్తాలు దండిగా ఉన్న రోజులలో షాదీఖానాల అద్దె పెరుగుతుంది. ఆ రోజులు తప్పించి, ఉద్యోగానికి అనువైన తేదీ పెట్టుకొనే స్వేచ్ఛ ముస్లిం వరునికి ఉన్నది.

అన్నిటికంటే ముఖ్యమైనది నఫఖా. భార్య తిండి, బట్ట, నివాసం భర్త బాధ్యత. పెండ్లి ఖర్చు ఒకనాటిది. నఫఖా ప్రతి నెలా ఉండేది. పెండ్లినాటికి ఇంటి అద్దె అడ్వాన్సు, రెండు మూడు నెలల సంసారపు ఖర్చు విడిగా లేనివాడు వలీమా అతిథులను ఇంకా తగ్గించుకోవాలే గాని దీనిని తాకకూడదు.

పెద్దల మాట

పెద్దల అభ్యంతరాన్ని తేలికగా తీసిపారేయరాదు. ఇంతకాలం అందరి ఇండ్లలో తిన్నాము, మనం పెట్టకపోతే నలుగురిలో తల ఎత్తుకోలేమని వారంటారు. ఆ మాట వెనుక బంధుత్వం నిలుపుకోవాలన్న ఆరాటం ఉన్నది. దీనికి పరిష్కారం కూడా సున్నత్‌లోనే దొరుకుతుంది. నికాహ్‌ను బహిరంగంగా జరపమన్నారు. కాబట్టి మస్జిదులో అస్ర్ నమాజు తరువాత జరిగే నికాహ్‌కు బంధుమిత్రులందరినీ, వాడవారందరినీ పిలవవచ్చును. అక్కడ ఖర్జూరాలు పంచితే చాలును. వలీమా భోజనానికి దగ్గరివారిని, వారితో పాటు పేద బంధువులను పిలిస్తే పిలుపు అందలేదన్న మాట రాదు. అప్పు చేయవలసిన అవసరమూ ఉండదు. ఈ ఏర్పాటును సంబంధం ఖాయమైన రోజుననే ఇరుపక్షాల పెద్దలు కూర్చొని నిర్ణయించుకోవాలి. తేదీ దగ్గరపడిన తరువాత తగ్గించబోతే అది అవమానంగా తోస్తుంది.

నేటి పెండ్లి లెక్కలలో లోపం అంకెలు పెద్దవి కావడం మాత్రమే కాదు. వరుస తలక్రిందులు కావడం. ఐచ్ఛికమైన దావత్‌కు రొక్కం చెల్లుతున్నది, విధి అయిన మహర్ కాగితంపై మిగిలిపోతున్నది. కొత్తగా కొలువులో చేరిన యువకుడు కాగితం తీసి మొదటి పంక్తిలో మహర్, రెండవ పంక్తిలో నఫఖా, మూడవ పంక్తిలో వలీమా రాసుకొని, మిగిలితేనే నాల్గవ పంక్తి రాయాలి. అప్పుడు కొద్దిపాటి జీతంతో కూడా నికాహ్ గౌరవంగా జరుగుతుంది, భార్య హక్కు భార్యకు అందుతుంది, ఆమె తండ్రి అప్పులపాలు కాకుండా ఉంటాడు.