ఎఫ్రెన్ రేయస్

ఎఫ్రెన్ రేయస్ ఫిలిప్పీన్స్ దేశానికి చెందిన ప్రసిద్ధ పూల్ క్రీడాకారుడు. ఇతడు 1954 ఆగష్టు 26న పంపాంగా ప్రావిన్సులో జన్మించాడు. అభిమానులు ఇతనిని "మెజీషియన్" అని, స్వదేశంలో "బాటా" అని పిలుస్తారు. టాగలాగ్ భాషలో బాటా అనగా పిల్లవాడు. పూల్ చరిత్రలోని అత్యుత్తమ క్రీడాకారులలో ఒకడిగా ఇతనిని పరిగణిస్తారు.

బాల్యం

ఐదేళ్ళ వయసులో రేయస్ కుటుంబంతో మనీలా నగరానికి వచ్చాడు. అక్కడ బంధువు నడిపే పూల్ శాలలో పనిచేస్తూ, పెద్దల ఆటను గమనిస్తూ నేర్చుకున్నాడు. బల్ల ఎత్తు అందక శీతల పానీయాల పెట్టెలపై నిలబడి ఆడేవాడు. రాత్రివేళ ఆ బల్లమీదే నిద్రించేవాడు.

ప్రధాన విజయాలు

1985లో అమెరికాకు వెళ్ళి, సీజర్ మొరాలెస్ అనే మారుపేరుతో హ్యూస్టన్‌లో ఒక పోటీ గెలిచాడు. 1994లో యు.ఎస్. ఓపెన్ నైన్‌బాల్ గెలిచిన తొలి అమెరికేతరుడయ్యాడు. 1996లో హాంగ్‌కాంగ్‌లో ఎర్ల్ స్ట్రిక్లండ్‌ను 120-117 తేడాతో ఓడించి లక్ష డాలర్లు గెలుచుకున్నాడు. 1999లో నైన్‌బాల్, 2004లో ఎయిట్‌బాల్ ప్రపంచ విజేతగా నిలిచి, రెండు విభాగాలలో ఈ ఘనత సాధించిన మొదటివాడయ్యాడు.

ఆటతీరు

నైన్‌బాల్‌లో తెల్లబంతి మొదట బల్లపై ఉన్న అతి చిన్న అంకె గల బంతిని తాకాలి. ప్రత్యర్థి ఆ బంతిని మరొక బంతి చాటున దాచినప్పుడు, తెల్లబంతిని బల్ల అంచుకు కొట్టి చుట్టుదారిలో పంపవలసి వస్తుంది. దీనిని కిక్ అంటారు. వేగాన్ని, పక్కకు ఇచ్చే భ్రమణాన్ని బట్టి బంతి తిరిగివచ్చే కోణం మారుతుంది. రేయస్ గుంతలు లేని క్యారమ్ బిలియర్డ్స్‌లో కూడా నిపుణుడు కావటం వలన ఈ లెక్క అతనికి బాగా తెలుసు. 1995లో రీనో నగరంలో స్ట్రిక్లండ్‌పై ఆడిన "జెడ్ షాట్" ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అందులో తెల్లబంతి రెండు అంచులను తాకి, దాగిన బంతిని గుంతలో వేసింది.

వారసత్వం

రేయస్ విజయాల తరువాత ఫిలిప్పీన్స్ పూల్ క్రీడకు ఒక ముఖ్య కేంద్రమైంది. రోనీ అల్కానో 2006లో, ఫ్రాన్సిస్కో బుస్తమాంతె 2010లో, కార్లో బియాడో 2017లో నైన్‌బాల్ ప్రపంచ విజేతలయ్యారు. 2003లో రేయస్ పేరు అమెరికా బిలియర్డ్ కాంగ్రెస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. ఆసియా నుండి ఈ గౌరవం పొందిన మొదటి వ్యక్తి ఇతడే.

శిక్షకుడిగా యోగ్యత

గొప్ప ఆటగాడు తప్పనిసరిగా గొప్ప శిక్షకుడు కాగలడని చెప్పలేము. రేయస్ విద్య చిన్ననాటి నుండి చూపుతోను, చేతితోను అబ్బినది. అటువంటి విద్యను మాటలలో విడమరచి చెప్పటం కష్టం. నిలబడే తీరు, కర్ర పట్టు వంటి ప్రాథమిక పాఠాలు కావలసిన కొత్తవారికి ఓర్పుతో లోపాలు దిద్దే శిక్షకుడు అవసరం. ఇందుకు డచ్ శిక్షకుడు యోహాన్ రౌసింక్ ఉదాహరణ. ఆటగాడిగా రేయస్ స్థాయి కీర్తి లేకపోయినా, మస్కోనీ కప్‌లో 2010 నుండి వరుసగా ఎనిమిదిసార్లు ఓడిన అమెరికా జట్టును 2018, 2019లలో గెలిపించాడు. అయితే కిక్, రక్షణాత్మక ఆట, ఒత్తిడిలో నిబ్బరం వంటి విషయాలలో, ఇప్పటికే నైపుణ్యమున్నవారికి రేయస్ ఆట ఒక పాఠ్యగ్రంథం వంటిది. 2022 మే నెలలో వియత్నాంలో జరిగిన ఆగ్నేయాసియా క్రీడలలో ఇతడు 67 ఏళ్ళ వయసులో క్యారమ్ విభాగంలో కాంస్య పతకం గెలిచాడు. తాను గమనించి నేర్చుకున్నట్లే, తరువాతి తరాలు కూడా ఇతనిని గమనించి నేర్చుకున్నాయి.