గోనెసంచి కిటుకు ఎందుకు పారదు?

పిల్లి ఎదురొస్తే గుమ్మంలోకి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదే పిల్లిని చంపమంటే మాత్రం ఒక్కరూ ముందుకు రారు. ఆ పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని పెద్దలు చెప్పగా విన్నాం కదా. బంగారం ధర పెరిగినకొద్దీ పిల్లుల ఆయుష్షూ పెరిగినట్టే! ఉంచుకోలేరు, చంపలేరు. అందుకే చాలా వీధుల్లో గోనెసంచి బయటికొస్తుంది. పిల్లిని అందులో వేసి, మూతి కట్టి, ఊరవతల వదిలేసి వస్తారు.

నాలుగు నెలలు తిరక్కుండానే వీధిలో మళ్లీ పిల్లులు. ఎందుకంటే ఒక వీధిలో ఎన్ని పిల్లులుండాలో తేల్చేది అక్కడ దొరికే తిండి. చికెన్ కొట్టు వెనక పారేసే పేగులు, మూత పడని చెత్తడబ్బా, ఎవరో ఒకరు మెట్ల కింద పెట్టే పెరుగన్నం ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి పక్కవీధి పిల్లి వచ్చి చేరుతుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా అడవుల్లో మచ్చిక లేకుండా తిరిగే పిల్లులను కొన్ని చోట్ల కొద్దికొద్దిగా ఏరివేసి చూశారు. ఆ చోట్లలో సంఖ్య తగ్గకపోగా పెరిగింది. పెత్తనం చేసే గండుపిల్లులు పోయేసరికి బయటివి చొరబడి ఉంటాయని పరిశోధకులు భావించారు.

రెండో కారణం పునరుత్పత్తి. అర్ధరాత్రి గోడ మీద పసిపిల్ల ఏడ్చినట్టు వినిపించే అరుపును మనవాళ్లు కీడు అంటారు. అది ఎదకొచ్చిన ఆడపిల్లి పిలుపు, లేదా దానికోసం గండుపిల్లుల తగాదా. చాలా జంతువుల్లో అండం నెలసరి లెక్క ప్రకారమో రుతువు ప్రకారమో తనంతట తాను విడుదలవుతుంది. పిల్లిలో సాధారణంగా జత కలిశాకే, ఒకటి రెండు రోజుల్లో విడుదలవుతుంది. అందుకే గురి తప్పడం అరుదు. ఒకే ఈతలో పుట్టిన కూనలకు వేర్వేరు తండ్రులు కూడా ఉండొచ్చు. ఒకటి ఎర్రగా, ఒకటి నల్లగా, ఒకటి చారలతో పుట్టిందంటే అదీ ఒక కారణం కావచ్చు. గర్భం తొమ్మిది వారాలే. అయిదారు నెలల కూన కూడా తల్లి కాగలదు.

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందన్న మాటలో ఏడు లెక్క సంగతి ఎలా ఉన్నా, తిప్పడం నిజమే. ఇన్వర్టర్ వెనక ఈనిన పిల్లిని గమనించండి. ఎవరైనా కూనలను తాకినా, అలికిడి ఎక్కువైనా, ఒక్కోదాన్నీ మెడ వెనక తోలు పట్టి సన్‌షేడ్ మీదికి చేరుస్తుంది. తోలు పట్టగానే కూన కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. ఆ స్పందనే లేకపోతే పిట్టగోడ మీద నడక తల్లికీ ప్రమాదమే. పరాయి గండుపిల్లి ఒక్కోసారి కూనలను చంపుతుంది కాబట్టి ఈ మకాం మార్పు అవసరం.

ఎలుకలు పట్టడానికైనా ఉండనీ అనేవాళ్లది సగం న్యాయమే. న్యూయార్క్‌లోని ఒక చెత్త కేంద్రంలో 79 రోజులు కెమెరాలు పెట్టి చూశారు. వందకు పైగా ఎలుకలున్న ఆ చోట పిల్లులు చంపింది రెండింటినే అని 2018లో ప్రకటించారు. పిల్లులున్న రోజుల్లో ఎలుకలు బయటికి తక్కువగా వచ్చాయంతే. చుంచెలుకలంటే సరే, కిలో దాకా తూగే పందికొక్కుతో పిల్లి ఎందుకు తలపడుతుంది?

ఇక జబ్బులు. గర్భిణులను భయపెట్టే టాక్సోప్లాస్మా పరాన్నజీవిని పిల్లి ఎక్కువగా తొలిసారి సోకినప్పుడే, కొద్ది వారాలపాటు మలంలో వదులుతుంది. ఆ మలం కనీసం ఒకరోజు నిలవ ఉంటేనే అంటుకునే స్థితికి వస్తుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టిపని ద్వారానూ అది రావచ్చు. నిజంగా జాగ్రత్తపడాల్సింది రేబిస్ విషయంలో. కుక్క కాదుగా అని పిల్లి కాటును తేలిగ్గా తీసుకోవడం నాకు అస్సలు మింగుడుపడదు. కరిచినా, రక్కినా 15 నిమిషాలు పారే నీటి కింద సబ్బుతో కడిగి, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

సంఖ్య తగ్గాలంటే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. చోటు ఖాళీ కాదు, కూనలు పుట్టవు, రాత్రి అరుపులూ తగ్గుతాయి. ఒకటి రెండింటితో ఆపితే ఫలితం ఉండదు. వీధిలో దాదాపు అన్నింటికీ జరగాలి. ఆపరేషన్ అయినట్టు గుర్తుగా మత్తులో ఉండగానే చెవి కొన, ఎక్కువగా ఎడమది, తిన్నగా కోస్తారు. పోట్లాటలో చిరిగిన చెవి అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి తేడా దూరం నుంచే తెలుస్తుంది.