చాందీపురా వైరస్: పటంపై ఖాళీగా ఉన్న చోట్లలో ఏముంది?

మహారాష్ట్రలోని నాగపూర్ సమీపాన ఉన్న చాందీపురా అనే గ్రామం పేరు వైద్యశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కి ఆరు దశాబ్దాలు దాటింది. 1965లో అక్కడ జ్వరపీడితుల రక్తనమూనాలను పరీక్షించిన పుణె శాస్త్రవేత్తలకు అంతవరకు ఎరుగని ఒక వైరస్ కనిపించింది. రేబిస్ వైరస్ చెందిన రాబ్డోవిరిడే కుటుంబానికే చెందిన ఈ వైరస్‌కు ఆ గ్రామం పేరే పెట్టారు. కొంత జ్వరం, కొంత ఒళ్లునొప్పులు తప్ప పెద్ద ప్రమాదమేమీ లేదని అప్పట్లో భావించారు. 1980లో మధ్యప్రదేశ్‌లో మెదడువాపు లక్షణాలున్న రోగిలో ఇదే వైరస్ బయటపడినా, దాని తీవ్రతను దేశం గుర్తించడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

2003 జూన్, ఆగస్టు నెలల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా ఉత్తర తెలంగాణ జిల్లాల్లో, పిల్లలు ఉన్నట్టుండి తీవ్రజ్వరం, వాంతులు, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరసాగారు. చాలామంది 48 గంటల లోపే స్పృహ కోల్పోయి మరణించారు. 329 మంది పిల్లలకు వ్యాధి సోకగా 183 మంది చనిపోయారు. మొదట అందరి అనుమానమూ జపనీస్ మెదడువాపు వ్యాధి మీదే. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో చాందీపురా వైరస్ బయటపడింది. ఈ మరణాలన్నిటికీ ఆ ఒక్క వైరస్సే కారణమా అన్న విషయంలో వైద్యుల మధ్య కొంతకాలం తీవ్రమైన వాదోపవాదాలు సాగాయి. మరుసటి ఏడాది గుజరాత్ తూర్పు జిల్లాల్లో 26 కేసులు నమోదయ్యాయి. అక్కడ మరణాల రేటు 75 శాతాన్ని మించింది.

ఆ తర్వాత వచ్చిన పెద్ద హెచ్చరిక 2024 నాటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆ ఏడాది జూన్ ఆరంభం నుంచి ఆగస్టు 15 వరకు దేశంలో 245 తీవ్ర మెదడువాపు కేసులు, 82 మరణాలు సంభవించాయి. వాటిలో చాందీపురాగా నిర్ధారణ అయినవి 64 మాత్రమే. అత్యధికం గుజరాత్‌వి. రెండు దశాబ్దాల్లో ఇంత పెద్ద వ్యాప్తి లేదని ఆ సంస్థ పేర్కొంది. 245కూ 64కూ మధ్యనున్న ఈ ఎడమే అసలు సమస్యను పట్టిచూపుతుంది. మిగిలిన పిల్లల్లో కొందరికి వేరే కారణాలుండవచ్చు. మరికొందరి విషయంలో నమూనా సకాలంలో అంది ఉండకపోవచ్చు. వ్యాధి ఇంత వేగంగా ముదిరినప్పుడు రక్తంలో ప్రతిరక్షకాలు తయారయ్యే వ్యవధి కూడా ఉండదు. కాబట్టి ప్రతిరక్షకాల పరీక్ష ఒక్కటే సరిపోదు, వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకునే పీసీఆర్ పరీక్ష తొలి గంటల్లోనే జరగాలి. మారుమూల పల్లె నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి ప్రయోగశాలకు నమూనా చేరేలోపే బిడ్డ చనిపోతే, ఆ మరణం పటంలో చుక్కగా కూడా మిగలదు.

వైరస్‌ను మోసే కీటకం సంగతి చూస్తే పని మరింత కష్టం. ఇసుక ఈగ అని పిలిచే ఈ కీటకం పొడవు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. పేరు దాని రంగును బట్టి వచ్చిందే తప్ప అది ఇసుకలో పుట్టదు. దోమలా నీటిలోనూ పుట్టదు. పశువుల కొట్టాల దగ్గరి తేమ నేలలో, పేడకుప్పల పక్కన, మట్టిగోడల పగుళ్లలో గుడ్లు పెడుతుంది. సాధారణ దోమతెర కన్నాల్లోంచి అది సులువుగా దూరిపోతుంది. రాత్రివేళ చప్పుడు లేకుండా కుడుతుంది. దోమల లార్వాలను నీటి తొట్టెల్లో వెతకవచ్చు. ఇసుక ఈగ లార్వాలు మాత్రం మట్టిలో కలిసిపోతాయి. అందుకే సర్వే బృందాలు ఎదిగిన ఈగల మీదే ఆధారపడతాయి. రాత్రంతా వెలిగే దీపపు ఉచ్చులు, నూనె పూసిన కాగితాలు, గోడ పగుళ్లలోంచి ఈగలను పీల్చే గొట్టాలు వారి సాధనాలు. చిక్కిన ఈగల తలను, జననాంగాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి జాతిని తేల్చాలి. తరువాత ఒకే జాతి ఈగలను గుంపులుగా కలిపి వైరస్ కోసం పరీక్షించాలి.

ఈ ఈగ ఎక్కువ దూరం ఎగరదు. దాని సంచారం సాధారణంగా కొన్ని వందల మీటర్లకే పరిమితం. కాబట్టి దూరపు జిల్లాలో కొత్తగా కేసులు కనిపిస్తే, ఈగలు అంత దూరం ఎగిరివచ్చాయని చెప్పలేం. వైరస్ అక్కడ ముందునుంచే ఉండి ఎవరి దృష్టికీ రాలేదా, లేక పశువులు, ఇతర జంతువుల ద్వారా చేరిందా అన్నది పరిశీలించాల్సి ఉంటుంది. మొదటిదానికే బలం ఎక్కువ. తల్లి ఈగ నుంచి గుడ్ల ద్వారా సంతానానికి ఈ వైరస్ సంక్రమించగలదని ప్రయోగాల్లో తేలింది. అంటే రోగులెవరూ లేని నెలల్లోనూ అది ఈగల్లో మనుగడ సాగించగలదు.

కరీంనగర్ జిల్లాలో జరిగిన పరిశోధన ఈ విషయంలో ఒక పాఠం. ఫ్లెబోటోమస్ ప్రజాతి ఈగలే వాహకాలని అంతవరకు నమ్మకం. ప్రధానంగా బల్లుల వంటి సరీసృపాలను కుడుతుందని భావించిన సెర్జెంటోమియా ప్రజాతి ఈగల్లోనూ అక్కడ చాందీపురా వైరస్ కనిపించింది. వాహకాల జాబితా మారితే ప్రమాదపు పటం హద్దులు కూడా మారవలసిందే.

భారత్ వెలుపలి ఆధారాలు చెదురుమదురుగా ఉన్నాయి. సెనెగల్‌లో ఇసుక ఈగల నుంచి, నైజీరియాలో ముళ్లపంది వంటి చిన్న జంతువు నుంచి ఇదే వైరస్‌ను వేరుచేశారు. శ్రీలంక కోతుల్లో దీనికి ప్రతిరక్షకాలున్నాయి. ఆ దేశాల్లో గుజరాత్ తరహా వ్యాప్తి నమోదు కాలేదన్న మాట నిజమే. అయితే అక్కడ పిల్లల మెదడువాపు కేసులన్నిటినీ ఈ వైరస్ కోసం పరీక్షిస్తున్నారని దీనర్థం కాదు.

ఇసుక ఈగలు మోసే వైరస్‌లు మరికొన్ని ఉన్నాయి. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో 1971లో గుర్తించిన టోస్కానా వైరస్ మధ్యధరా తీర దేశాల్లో వేసవిలో వచ్చే మెదడుపొర వాపుకు ఒక ప్రధాన కారణం. జర్మనీలో ఇసుక ఈగ తొలిసారి 1999లో దొరికింది. అది వేడి పెరగడంతో ఉత్తరానికి వచ్చిందా, లేక అంతకుముందు ఎవరూ వెతకలేదా అన్న ప్రశ్న అక్కడా తలెత్తింది. ఐరోపా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రచురించే వాహక కీటకాల పటాల్లో ‘ఈగ లేదు’ అన్న రంగు వేరు, ‘సమాచారం లేదు’ అన్న రంగు వేరు.

భారత్‌లో ఆ రెంటి మధ్య తేడా అంత స్పష్టంగా కనిపించదు. దేశంలో ఇసుక ఈగల మీద క్రమబద్ధమైన నిఘా ప్రధానంగా కాలా అజార్ నిర్మూలన కార్యక్రమంలో భాగంగా ఎదిగింది. అందువల్ల బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలపైనే దృష్టి నిలిచింది. చాందీపురా మరణాలు సంభవించినవి మాత్రం తెలంగాణ, విదర్భ, గుజరాత్ ప్రాంతాల్లో. అక్కడ రోగం బయటపడినప్పుడే ఈగల కోసం బృందాలు బయలుదేరడం పరిపాటి. గుజరాత్‌లో 2024లో కేసులు వెలుగుచూశాకే ఊళ్లలో మలాథియాన్ పొడి చల్లడం, గోడల పగుళ్లు పూడ్చడం మొదలయ్యాయి. ఈ వ్యాధికి టీకా గానీ, ప్రత్యేకమైన మందు గానీ ఇంతవరకు లేవు.

కేసులు సాధారణంగా తొలకరి వానలతో మొదలై జూలైలో పెరుగుతాయి. ఈగల సంఖ్య పెరిగేదీ ఆ కాలంలోనే. దాన్ని ముందుగా పసిగట్టాలంటే దీపపు ఉచ్చులు ఏప్రిల్, మే నెలల్లోనే పశువుల కొట్టాల్లో వేలాడాలి.